పాడేరు ఘాటీలో పన్నుపోటు

చోడవరం, మాడుగుల దాటి బస్సు కొండెక్కడం మొదలుపెట్టిందంటే పాడేరు వచ్చేదాకా మలుపుల మీద మలుపులు. వంట్లమామిడి దాటాక చల్లగాలి ముఖానికి తగులుతుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల పాదులు. మోదకొండమ్మ తల్లి దర్శనానికి మీరెప్పుడైనా వెళ్ళి ఉంటే ఆ దారి ఎంత హాయిగా ఉంటుందో మీకే తెలుసు. నేను మాత్రం ఒకసారి ఆ ఘాటీని పన్నుపోటుతో దిగాను.

అప్పట్లో నేను పాడేరు ప్రాంతంలో ప్రభుత్వ డాక్టరుని. నా దవడ పన్నులో ఆవగింజంత నల్లమచ్చ కనిపించింది. చన్నీళ్ళు తాగితే జివ్వుమనేది. ఈసారి విశాఖపట్నం వెళ్ళినప్పుడు చూపించుకుందాం అనుకుంటూ ఏడాది గడిపేశాను. రోగులకు నీతులు చెప్పిన నోరే అది! ఒక వానాకాలపు రాత్రి పోటు మొదలైంది. లవంగ నూనెలో ముంచిన దూది పెట్టినా తగ్గలేదు. తెల్లవారి మొదటి బస్సెక్కాను. దారిలో ప్రతి గతుకూ పంటిలోనే పడింది. దంతవైద్యుడు చూసి, "సిమెంటు పెట్టే దశ దాటిపోయింది డాక్టరుగారూ" అన్నారు. రూట్ కెనాల్ చేసి, పన్నుకు తొడుగు వేయవలసి వచ్చింది.

నాది నయమే. ఆ ఏడే ఒక గిరిజన రైతును డోలీలో మోసుకొచ్చారు. పుచ్చు పన్నులో పొగాకు కుక్కుకుంటూ నెలలు గడిపాడట. దవడ కింద వాచిపోయి నోరు తెరుచుకోవడం లేదు, గుటక పడడం లేదు. ఆ వాపు మెడలోకి దిగితే ఊపిరాడక ప్రాణమే పోవచ్చు. "నడుమ నొప్పి తగ్గిపోయింది బాబూ" అన్నాడు వాళ్ళన్న. నిజమే, పంటి లోపలి నరం చచ్చిపోయింది గనుక తగ్గింది. చీము మాత్రం తన పని తాను చేసుకుపోయింది. ఇంజెక్షన్లు ఇచ్చి జీపులో పట్నం పంపాం. అదృష్టవశాత్తు బతికాడు.

తీపి తిన్నప్పుడల్లా నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేసి పంటి పైపొరను కరిగిస్తాయి. ఆ పొరలో నరాలు లేవు. అందుకే మొదట్లో నొప్పి తెలియదు. నొప్పి లేని ఆ కాలమే సిమెంటు పెట్టించుకునే కాలం.

అందులో భయపడవలసిందేమీ లేదు. పుచ్చు లోతుగా ఉంటే మత్తు ఇంజెక్షను ఇస్తారు. కుళ్ళిన భాగం తీసి, శుభ్రం చేసి, గుంట పూడుస్తారు. కరెంటు లేని చోట్ల కూడా చేతి పనిముట్లతో పుచ్చు తీసి, గ్లాస్ అయనమర్ సిమెంటు నింపే పద్ధతి ఉంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని ప్రోత్సహించింది.

మత్తు దిగేదాకా ఏమీ నమలకండి, బుగ్గ కొరుక్కుంటారు. కొద్దిరోజులు చల్లదనానికి జివ్వుమనడం మామూలే. కొరికినప్పుడు ఎత్తుగా తగిలితే మళ్ళీ వెళ్ళి సరిచేయించుకోండి. రాత్రిళ్ళు పోటు పెట్టినా, వాపు వచ్చినా ఆలస్యం వద్దు. చిగురు మీద ఆస్పిరిన్ బిళ్ళ పెట్టకండి, పుండు పడుతుంది. ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోండి. రాత్రి తోముకున్నాక ఏమీ తినవద్దు.

2022 ఏప్రిల్ 4న పాడేరు జిల్లా కేంద్రమయింది. 2024లో వైద్య కళాశాల కూడా మొదలయింది. కొండమీద వాళ్ళకు ఘాటీ దిగే బాధ కొంత తగ్గితే అంతకన్నా కావలసిందేముంది? ఇక పట్నాల్లో ఉన్న మీకు ఆ ఘాటీ కూడా అడ్డం లేదు గదా! ఈ రాత్రే పిల్లలను కూర్చోబెట్టి టార్చిలైటు వేసి నోరు చూడండి. తరువాత అద్దం ముందు మీ నోరూ తెరవండి. ఆవగింజంత మచ్చ కనబడితే ఈ వారమే దంతవైద్యుని దగ్గరకు వెళ్ళండి.