తాందిల్‌లో ఒంటిచేతి ఇంద్రజాలం

అర్జెంటీనాలోని తాందిల్ పట్టణానికి కొండ అంచున ఊగుతూ నిలిచిన పెనుబండ వల్ల పేరు వచ్చింది. ఆ బండ 1912లో పడిపోయింది. 2007లో దాని నమూనాను నిలిపారు. నన్నడిగితే, ఈ ఊరి అసలు వింత రెనే లావాండ్. తొమ్మిదేళ్ల ప్రాయాన కుడిచేయి కోల్పోయిన ఇంద్రజాలికుడాయన. బల్లమీద మూడు ఎర్ర పేకముక్కలు, మూడు నల్లముక్కలు ఒకటి విడిచి ఒకటి పేర్చేవారు. నూనె, నీరు వలె అవి వేరుపడేవి. మళ్లీ పేర్చేవారు, ఈసారి మరింత నిదానంగా! కథ చెప్పే గొంతు ఆగినచోట ఎడమచేయీ ఆగేది. కనికట్టంటే వేగమనుకునే చూపరికి ఇక పట్టు చిక్కేదెలా? పుస్తకాలలోని కిటుకులన్నీ రెండుచేతుల వారివే. అందుచేత తన పద్ధతులను తానే కల్పించుకొన్నారు. 2015లో ఈ ఊరిలోనే కన్నుమూశారు.