బొమ్మలకొలువులో పెట్రోలు పీపాలు

సంక్రాంతి బొమ్మలకొలువున ఊరును, చెఱువును, పెండ్లివారిని అమర్చుట మన యిండ్లలో పరిపాటి. ఈ యేడు మా యింటి పిల్లలు రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానముల మైదానము కావలెనని పట్టుపట్టిరి. విమానములను వారే అతికించుకొనిరి. వానిచుట్టు నుండవలసిన పీపాలు, బకెట్లు, చక్రముల క్రింది అడ్డుచెక్కలు, గాలివాటము తెలుపు గుడ్డగొట్టము, వీనికి రంగులు వేయు పని తోడికోడండ్రమైన మాకు వచ్చినది. నిజము చెప్పవలెనన్న రసమంతయు నిందే యున్నది.

యుద్ధము మన తీరమునకు క్రొత్త గాదు. 1942 ఏప్రిలు 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినవి. నెల్లూరునుండి చెన్నపట్టణమునకు బోవు త్రోవలో చోళవరమున ఆ యుద్ధకాలమందు విమానములకై వేసిన బాటపై, తరువాత చాల యేండ్లు మోటారు పందెములు జరిగినవి. మా పెద్దత్తగారి పుట్టినిల్లు కాకినాడ. నాడు వారు ఐదేండ్ల పిల్ల. ఎడ్లబండిలో పల్లెకు తరలించిరట. "దేవుళ్ళ సరసన బాంబుల విమానములా?" యని ముఖము త్రిప్పుకొనిరి. వారి మాట త్రోసివేయుటకు మాకు మనసొప్పలేదు. పిల్లల ముచ్చట చెఱుచుటకును ఒప్పలేదు. పని మాత్రము ఆపలేదు.

పిల్లల విమానములు 72వ వంతు కొలతవి. మూడడుగులకు కొంచెము తక్కువ యెత్తుండు పెద్ద పెట్రోలు పీపా ఆ లెక్కన 12 మిల్లీమీటర్లు. దానికి ఆకుపచ్చ పూసి యూరకుండిన నది ఆటబొమ్మవలెనే కనబడును. ఉప్పుగాలికి ఇనుమెట్లు చెడునో మైపాడు ఒడ్డున చూచిన సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అంచులు, అతుకులు, నీరు నిలుచు అడుగు, వీనినే తుప్పు ముందుగా తినును. నడిమి భాగము చాలకాలము నిలిచి, ఎండకు వెలిసిపోవును.

కావున మొదట తుప్పు రంగు పూసి యారనిచ్చితిమి. పిదప తడిచేసి, ఇస్కపల్లి గల్లుప్పును నలిపి అంచులయందు చల్లితిమి. అది యంటుకొని యారిన పిమ్మట ఆకుపచ్చను తుంపరగా కొట్టితిమి. కుంచెతో రుద్దిన ఉప్పు కదలిపోవును. రంగారినంతనే పాత పండ్ల బ్రష్షుతో ఉప్పును రాల్చగా క్రిందినుండి మచ్చలు బయటపడినవి. నేలకు మైపాడు ఇసుకనే తెచ్చి పలుచని గుడ్డలో జల్లించితిమి. మిల్లీమీటరు రేణువైనను ఆ కొలతలో 7 సెంటీమీటర్ల రాయి యగును గదా!

విమానపు గుండ్రని గుర్తు నడుమ పిల్లలు ఎఱుపు దిద్దబోగా వారించితిమి. జపానువారి గుర్తు ఎఱ్ఱని సూర్యబింబము. పొరపడి తమవారినే కాల్చుకొందురని, యుద్ధము నడుమ ఈ ప్రాంతపు బ్రిటిషు, భారతీయ విమానములపై ఆ యెఱుపును తీసివేసిరి.

నిప్పునార్పు బకెట్లకు ఎఱుపు పూసి యారబెట్టిననాడు పెద్దత్తగారు వచ్చి వీనిలో నేమున్నదని యడిగిరి. ఇసుక యంటిమి. తమ కాకినాడ యింటి వసారాలోను అట్టివి రెండుండెడివనియు, ఆ యిసుకతో పిచ్చుకగూళ్ళు కట్టి తండ్రిగారిచే దెబ్బలు తింటిననియు చెప్పి నవ్విరి. బాంబులు మోయు విమానము మాత్రము వలదనిరి. పిల్లలు కొంత గొణిగి దానిని పెట్టెలో పెట్టిరి. నేలపై నిలిచిన చిన్న విమానమొకటి, పీపాలు, బకెట్లు, గుడ్డగొట్టము, ఇంతియే కొలువెక్కినవి. పేరంటమునకు వచ్చినవారు పలువురు పీపాలను తడవి, తుప్పు అంటినదేమోనని వేళ్ళు చూచుకొనిరి.