చెరువుకట్ట మీద తైబందీ

జమ్మికుంట అనగానే ఎవరికైనా పత్తి మార్కెట్టే గుర్తొస్తుంది. నేను పత్తి బండ్లను దాటుకుని వీణవంక వైపు వెళ్లాను. ఆ దారిలోని ఒక పల్లెలో యాసంగికి తైబందీ ఎలా కుదురుతుందో చూడాలని. వానకాలం పోయాక చెరువులో మిగిలిన నీటిని చూసి, దాని కింద ఎంత వరి నాటాలో నాట్లకు ముందే ఖాయం చేసుకోవడమే తైబందీ.

కట్ట మైసమ్మ గుడి పక్కన వేపచెట్టు కింద జనం కూర్చున్నారు. తూము దగ్గరి పొలాల వాళ్లు, ఆయకట్టు చివరి వాళ్లు, చేపల సంఘం వాళ్లు, కట్ట మీద ఈతచెట్లు గీసే గౌడులు, చాకిరేవు ఆడవాళ్లు ఇద్దరు. ఈసారి చెరువు మత్తడి పడలేదు, సగానికి కొంచెం పైనే ఆగింది.

చివరి మడి రైతు ముందు లేచాడు. "తూము కాడోళ్లు మొత్తం నాటుకుంటే మా పొలాలు పొట్టకొచ్చే యాళ్లకు నీళ్లు బందైతయి. పోయినేడు ఎండిన పంటను పశువులకు మేపిన."

చేపల సంఘం పెద్దమనిషిది ఇంకో బాధ. "మీ పొలాలు పారినంక మాకేం మిగుల్తది? పిల్లలేసి నాలుగు నెల్లు గాలె. చాప ఎదగాల్నంటె ఎండకాలం దాక మడుగు నిలవాలె గదనే." పూడిక తీసినప్పుడు ఎక్కడ పడితే అక్కడ గుంటలు తవ్వారని, వాటిలో వల సరిగా పారడం లేదని కూడా అన్నాడు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగు చేయాలనుకుంది. పూడిక మట్టిని రైతులు సొంత ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు, నేలకు బలమొచ్చింది. ఎక్కడ తవ్వాలో చేపలు పట్టేవాళ్లనూ అడిగి ఉంటే వలకూ మేలు జరిగేది.

సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగిస్తూ ఉమ్మడి రాష్ట్రం 1997లో చట్టం చేసింది. నీటి వినియోగదారుల సంఘాలు అప్పుడే పుట్టాయి. మంచి చట్టమే, కానీ ఓటు మాత్రం ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకే ఇచ్చింది. చెరువు మీదే బతికే భూమిలేని కుటుంబాన్ని ఓటుకు బయట నిలబెట్టడం ఆ చట్టంలోని పెద్ద లోపమని నా నమ్మకం. వేపచెట్టు కింద ఆ తేడా లేదు. రేవుకు నీళ్లందేలా చూడమని చాకలామె అడిగితే అందరూ విన్నారు.

శ్రీలంక ఎండు ప్రాంతాల చెరువుల కింద బెత్మ అనే పద్ధతి ఉంది. నీళ్లు తక్కువైన ఏడు తూముకు దగ్గరి భూమినే సాగులో పెట్టి, ఆ ఒక్క పంటకు దాన్ని ఆయకట్టుదారులందరికీ పంచుతారు. ఆ మాట చెబితే తూము దగ్గరి వాళ్లు వెంటనే తల అడ్డంగా ఊపారు. చాలాసేపు వాదులాడాక వేరే దారి దొరికింది: ఎవరైనా తమ పొలంలో సగమే వరి నాటాలి, మిగతా సగంలో మక్క వేసుకోవచ్చు. తూము రాతిగోడ మీద సున్నంతో గీత గీశారు. నీళ్లు ఆ గీతకు దిగిన రోజు, నీళ్లు వదిలే నీరటి తూము మూసేస్తాడు, ఎవరి పంట ఏ దశలో ఉన్నా సరే. కింది నీళ్లు చేపలవి, రేవువి.

చెరువు లోపలి శిఖం భూమిలో సాగు చేసుకునేవాళ్లు మాత్రం రాలేదు. నీళ్లు నిలిస్తే వాళ్ల పంట మునుగుతుంది, అందుకే వాళ్లకు చెరువు ఎంత వెనక్కిపోతే అంత మేలు. వాళ్లను పిలుచుకురాకుండా ముగించడం నాకు నచ్చలేదు, ఆ మాట అక్కడే చెప్పాను.

కట్ట మీద తేలని నీళ్లూ ఉన్నాయి. శ్రీరాంసాగర్ నుంచి వరంగల్ వైపు 284 కిలోమీటర్లు సాగే కాకతీయ కాలువ ఈ ప్రాంతానికి దిగువ మానేరు మీదుగా నీళ్లు తెస్తుంది. వారబందీ లెక్కన ఏ వారం ఎవరికి వదలాలో అధికారులు నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం జరిగే చోట చివరి మడి రైతుకూ ఒక కుర్చీ ఉండాలి.

దానికంటే దగ్గరి తగాదా ఎగువ ఊరితో ఉంది. గొలుసుకట్టులో పై చెరువు మత్తడి నీళ్లే ఈ చెరువుకు రావాలి. పై ఊరివాళ్లు మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి నీళ్లు ఆపుకుంటున్నారు. గొడవకు పోకుండా మాట్లాడి రావాలని ఇద్దరిని ఎంచుకున్నారు: చివరి మడి రైతు, ఆయనతో పాటు చేపల సంఘం పెద్దమనిషి. పై ఊళ్లో పెద్దమనిషి చుట్టాలున్నారట. వచ్చే ఆదివారం పోతామన్నారు.