నొక్కలేదని చెప్పకూడదు

రాజోలు దగ్గర ఒక కల్యాణ మండపంలో ఒక్కరోజు చెస్ టోర్నమెంటు. మూడో రౌండు నడుస్తోంది. ఓ బోర్డు దగ్గర తొమ్మిదేళ్ల కుర్రాడు ఏనుగును ఏడో వరుసలోకి తోసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చక్కటి ఎత్తు. ఇంకో నాలుగైదు ఎత్తుల్లో ఆట తేలిపోతుంది. కానీ క్లాకు నొక్కడం మరిచిపోయాడు. అంకెలు అతనివైపే తగ్గుతున్నాయి. ఎదురుగా ఉన్న పిల్ల ఆ సంగతి గమనించి, తల వంచుకుని బోర్డులోకే చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల చేసింది తప్పు కాదు. తన టైము తరగనంతసేపూ ఆలోచించుకోవచ్చు. ఆర్బిటర్‌గా, అంటే ఆట న్యాయనిర్ణేతగా, నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. "నొక్కు నాన్నా" అన్న ఒక్క మాట చాలు. ఆ మాట నేను అనకూడదు.

అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే నియమాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. ఎదుటివాళ్లు ఎత్తు వేశారని గానీ, నువ్వు క్లాకు నొక్కలేదని గానీ ఆర్బిటర్ ఆటగాడికి చెప్పకూడదు. చెబితే ఒకరికి సాయం చేసినట్టే. కాబట్టి నాలుగు నిమిషాలు మూడై, మూడు రెండై, చివరికి ఆ కుర్రాడికి తెలివొచ్చేసరికి నలభై సెకన్లు మిగిలాయి. అది ఇంక్రిమెంటు, అంటే ఎత్తుకిన్ని సెకన్లు కలపడం, లేని పదిహేను నిమిషాల ఆట. గబగబా వేసుకుంటూ పోయాడు గానీ టైము అయిపోయి ఫ్లాగు పడిపోయింది. ఆ పిల్ల దగ్గర ఇంకా ఒక ఏనుగు ఉంది. ఒంటరి రాజే మిగిలి ఉంటే డ్రా ఇచ్చేవాడిని. ఏనుగు ఉంది కాబట్టి గెలుపు ఆమెదని రాశాను. కుర్రాడు ఏడవలేదు. "సార్, నాదే కదండీ గెలుపు?" అని అడిగాడు. వాళ్ల నాన్న తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

నేను లెక్కల మాస్టారిని. ఆదివారాల్లో, సెలవుల్లో ఆర్బిటర్ని. ఆ రోజు తర్వాత నాకు నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆట మొదలయ్యాక నోరు విప్పే వీలు లేదు కాబట్టి, చెప్పాల్సిందంతా ముందే చెప్పెయ్యాలి. మొదటి రౌండుకు అరగంట ముందు, మొదటిసారి వచ్చిన పిల్లలందరినీ ఒక బల్ల చుట్టూ నిలబెట్టి క్లాకు వాళ్ల చేతికిస్తాను.

ఇది లాక్‌డౌన్ తర్వాత మరీ అవసరమైంది. ఫోనులో చెస్ నేర్చుకున్న పిల్లలు చాలామంది ఎత్తులు బ్రహ్మాండంగా వేస్తారు. కానీ అక్కడ పావు జరిపితే చాలు, టైము దానంతటదే అటు మారుతుంది. బల్ల మీద అలా మారదు. వేలికి ఆ అలవాటు విడిగా నేర్పాలి. ఏ చేత్తో పావు జరిపావో ఆ చేత్తోనే నొక్కాలి. కుడిచేత్తో ఎత్తు వేసి ఎడమచేత్తో నొక్కకూడదు. పావు పడిపోతే ముందు నిలబెట్టి, తర్వాత నొక్కాలి. ఇవన్నీ నోటితో చెబితే తలూపుతారు, మరిచిపోతారు. అందుకే ఒక్కొక్కరి చేత ఇరవైసార్లు చేయిస్తాను. బంటు, నొక్కు. గుర్రం, నొక్కు. పదోసారికి లయ పట్టేస్తారు.

తర్వాత పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, పది నిమిషాలన్నారు, 10:05 చూపిస్తోందేంటండీ?" అప్పుడు చెస్ ఆటగాడు ఫిషర్ కథ చెబుతాను.

నేను చెస్‌లోకి వచ్చినప్పుడు కీ ఇచ్చే ముళ్ల గడియారాలే ఉండేవి, కథ అక్కణ్నుంచే మొదలు. గంట ఆటకు రెండు డయల్స్ మీదా ముళ్లు అయిదు గంటల దగ్గర పెట్టేవాళ్లం. ఆరయ్యేసరికి పెద్దముల్లు ఎర్ర జెండాను పైకి లేపి, వదిలేసేది. ఆ చివరి రెండు నిమిషాలే ఆర్బిటర్‌కు గండం. ఏనుగుకు ఏనుగు సమానంగా ఉన్నా, ఎదుటివాడి జెండా పడేదాకా ఊరికే అటూ ఇటూ జరుపుతూ కూర్చునేవాళ్లు. ఇతను గెలవడానికి ప్రయత్నించడం లేదు, డ్రా ఇవ్వండి అని అవతలివాడు చెయ్యెత్తేవాడు. నిజంగా ప్రయత్నిస్తున్నాడా లేదా అని తేల్చాల్సింది ఆర్బిటరే. ఏ తీర్పు ఇచ్చినా ఒకరు కోపంగా ఇంటికి వెళ్లేవారు.

బాబీ ఫిషర్ 1988లో అమెరికాలో ఒక డిజిటల్ క్లాకుకు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. మరుసటి ఏడు అది మంజూరైంది. ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు కలపడం అందులో సారం. 1992లో పాత ప్రత్యర్థి స్పాస్కీతో యుగొస్లావియాలో మళ్లీ తలపడినప్పుడు ఆ పద్ధతిలోనే ఆడాడు. మొదటి ఎత్తుకు రావాల్సిన సెకన్లు ముందే చేర్చి ఉంటాయి కాబట్టే 10:05. ఎంత టైము ఒత్తిడిలో ఉన్నా ఎత్తుకు అయిదు సెకన్లు చేతిలో ఉంటాయి. ఏనుగుకు ఏనుగు డ్రా చెయ్యడం వచ్చినవాడు చేసుకుంటాడు. నా తీర్పు అవసరం లేదు. ఆర్బిటర్‌గా నాకు ఇంతకంటే పెద్ద మేలు ఎవరూ చెయ్యలేదు.

సెకన్లు ఇచ్చే పద్ధతులు మూడున్నాయి. పేర్లు వింటే గందరగోళం, లెక్క వేస్తే తేలిక. నీ దగ్గర సరిగ్గా ఒక నిమిషం ఉంది, అయిదు సెకన్ల సెట్టింగు అనుకో. రెండు సెకన్లలో ఎత్తు వేశావు. ఫిషర్ పద్ధతిలో నీ టైము 1:03 అవుతుంది, మిగిల్చింది నీదే. బ్రాన్‌స్టైన్ పద్ధతిలో వాడిన రెండు సెకన్లే తిరిగొస్తాయి, మళ్లీ 1:00. డిలే పద్ధతిలో క్లాకు అయిదు సెకన్లు ఆగి అప్పుడు దిగడం మొదలెడుతుంది కాబట్టి అసలు కదలనే లేదు, అదీ 1:00. అదే ఎనిమిది సెకన్లు ఆలోచిస్తే? మూడింట్లోనూ 0:57. పెద్దపిల్లలు ఇది బోర్డు మీద వేసి చూపిస్తే వెంటనే పట్టేస్తారు. వేగంగా ఆడి టైము పోగుచేసుకోవడం ఒక్క ఫిషర్ పద్ధతిలోనే కుదురుతుంది. మన దగ్గర సెకన్లు కలిపే టోర్నమెంట్లలో దాదాపు అన్నిటా అదే. డిలే అమెరికాలో ఎక్కువ.

సెట్టింగు తప్పితే ఏమవుతుందో నాకు అనుభవమే. తొంభై నిమిషాలకు ఎత్తుకు ముప్పై సెకన్లు చొప్పున కలపాల్సిన ఆట. ఒక్క క్లాకులో పక్క నంబరు ఎంచుకున్నాను, అందులో తొంభై నిమిషాలే ఉన్నాయి, కలపడం లేదు. రౌండుకు ముందు తిరిగి చూసుకోవలసింది, చూడలేదు. ఒక అమ్మాయి చెయ్యెత్తి, "సార్, నాకు పెరగట్లేదండీ" అంది. మధ్య బటన్ నొక్కి క్లాకు ఆపాను. ఇద్దరి స్కోరుషీట్లూ చూస్తే ఇరవై రెండేసి ఎత్తులు పూర్తయ్యాయి. మొదటి ఎత్తుకు ముందే చేరాల్సినవాటితో కలిపి ఇరవై మూడు ముప్పైలు ఆరువందల తొంభై సెకన్లు, అంటే పదకొండున్నర నిమిషాలు. సరైన నంబరుకు మార్చి, ఇద్దరి వైపూ అంకె అంకె దిద్ది, చెరో పదకొండున్నర నిమిషాలు కలిపి, ఎత్తుల లెక్క కూడా సరిచేసి ఇద్దరికీ చూపించి, ఆ అమ్మాయి వంతు కాబట్టి పైనున్న మీట ఆమె వైపు లేచి ఉందో లేదో చూసుకుని, అప్పుడు మొదలుపెట్టాను. పది నిమిషాల పని. చేతులు వణికాయి. ఆ అమ్మాయి నోరు విప్పకపోయి ఉంటే? అప్పట్నుంచీ ప్రతి క్లాకూ సెట్ చేశాక ఒక్క నొక్కు నొక్కి, సెకన్లు పెరిగాయో లేదో కళ్లారా చూశాకే బోర్డు దగ్గర పెడుతున్నాను.

మీట సంగతి మామూలు ఆటలో అంత తేడా చెయ్యదు, ఇద్దరికీ ఒకే టైము కదా. టై తేల్చే ఆర్మగెడాన్ ఆటలో మాత్రం ప్రాణం దాని మీదే. తెల్లపావులకు టైము ఎక్కువ, నల్లపావులకు తక్కువ, కానీ డ్రా అయినా నల్లవే గెలిచినట్టు. ఎటువైపు తెల్లలో పొరపాటు పడితే ఆటే తలకిందులు. 2019 డిసెంబరులో మాస్కోలో మన కోనేరు హంపి, చైనా అమ్మాయి లేయ్ టింగ్‌జీ మీద ఆర్మగెడాన్‌దాకా వెళ్లే ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ తెచ్చుకుంది. 2024లో న్యూయార్క్‌లో మళ్లీ గెలిచింది. ఆ ఆటలకు ఎవరో ఒక ఆర్బిటర్ క్లాకు సెట్ చేసే ఉంటారు. ఆ చేతులు ఎంత జాగ్రత్తగా పని చేశాయో నేను ఊహించగలను.

ఇక నా పోరు నిర్వాహకులతో. ఊళ్లలో ఒక్కరోజు పోటీలు పెట్టేవాళ్లు డబ్బు, హాలు, భోజనం అన్నీ సొంతంగా చూసుకునే మంచి మనుషులు. కానీ ఇంక్రిమెంటు అనగానే "రౌండ్లు ఆలస్యమవుతాయి మాస్టారూ, పిల్లలు చీకటి పడకుండా ఇల్లు చేరాలి" అంటారు. వాళ్ల భయం నిజమే. అందుకే కాగితం మీద లెక్క వేసి చూపిస్తాను. ఫిడే ఒక ఆటను అరవై ఎత్తులుగా లెక్కగడుతుంది. పది నిమిషాలు, ఎత్తుకు అయిదు సెకన్లు. అరవై అయిదులు మూడువందల సెకన్లు, అయిదు నిమిషాలు. పదీ అయిదూ పదిహేను. మీరు పెడుతున్న పదిహేను నిమిషాల ఆటా ఇదీ ఒక్కటే. తొందరగా తేలిన ఆటలు ఇంకా ముందే అయిపోతాయి. ఎక్కడో ఒకటి వంద ఎత్తులు సాగుతుంది, సాగనివ్వండి, ఆ ఇద్దరూ అంత బాగా ఆడుతున్నారన్నమాట. ఒప్పుకున్నవాళ్లున్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఒప్పుకోనిచోట కూడా వెళ్తాను. కానీ అడగకుండా మాత్రం ఊరుకోను. తొమ్మిదేళ్ల పిల్లాడు గెలిచే ఆటను వేలి అలవాటు లేక పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఎత్తుకు అయిదు సెకన్లు వచ్చి ఉంటే, మిగిలిన ఆ నలభై సెకన్లలోనే ఆ కుర్రాడు ఆట ముగించుకునేవాడు.

ఇంకొకటి అడుగుతాను. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఎంత గడువో కరపత్రంలోనే రాయమని. రాయకపోతే గడువు సున్నా, రౌండు మొదలయ్యాక వచ్చినవాడు ఓడినట్టే. నరసాపురం నుంచి పంటు మీద సఖినేటిపల్లి రేవు దిగి వచ్చే పిల్లలుంటారు. పంటు ఆగితే వాళ్లేం చేస్తారు?

మొన్న ఆదివారం అంబాజీపేటలో పోటీ. పొద్దున్నే క్లాకులన్నీ బల్ల మీద పరిచాను. మా వైపు తేమకు సెల్లులు లోపలే వదిలేస్తే స్ప్రింగులు చిలుము పడతాయి, అందుకని ఇంటి దగ్గర ఎప్పుడూ తీసేసే ఉంచుతాను. ఒక్కోదానికి రెండు పెన్సిల్ సెల్లులు. పది నిమిషాలు, అయిదు సెకన్లు. ఒక నొక్కు, పెరిగింది. మళ్లీ మొదటికి తెచ్చి, మీట నల్లపావుల వైపు దించి, బోర్డు పక్కన పెట్టాను. కొత్తపిల్లలు పదకొండుమంది వచ్చారు. బల్ల చుట్టూ నిలబెట్టి ఇరవైసార్లు నొక్కించాను. ఒక చిన్నపిల్లకు చెయ్యి అందలేదు, కుర్చీ మీద ఇంకో కుర్చీ వేశాం. అనుమానాలుంటే ఇప్పుడే అడగండి అన్నాను. అడిగారు. అన్నిటికీ చెప్పాను. అందరూ కూర్చున్నాక హాలంతా ఒకసారి చూసి, "నల్లపావులవాళ్లు క్లాకు మొదలుపెట్టండి" అన్నాను. ఆ తర్వాత మాట్లాడే వీలు నాకు లేదు.