స్వరాజ్ ద్వీపంలో పచ్చపట్టీ సిలిండర్లు

అండమానులలో హేవ్‌లాక్ అనే దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. తూర్పు బెంగాలు నుంచి వచ్చిన కాందిశీకులు స్థిరపడ్డ చోటు. గోవిందనగర్, విజయనగర్, రాధానగర్ అని ఊళ్ళ పేర్లు. పోకతోటలు దాటితే సముద్రమే. ఒడ్డున నీటిలో మునగడం నేర్పే దుకాణాలున్నాయి.

ఒక దుకాణం ముందు సిలిండర్లు వరసగా నిలబెట్టారు. కొన్నింటికి పసుపు, ఆకుపచ్చ పట్టీ చుట్టి ఉంది. "అన్నిట్లోనూ ప్రాణవాయువేనా బాబూ?" అని అడిగితే, విశాఖ కుర్రవాడొకడు, "కాదండీ బాబాయిగారూ, మామూలు గాలే. పట్టీ ఉన్నవే వేరు" అన్నాడు.

గాలిలో నూటికి 21 పాళ్ళు ప్రాణవాయువు. తక్కినది ఇంచుమించు అంతా నత్రజని. పట్టీ వాటిలో ప్రాణవాయువు 32 పాళ్ళు. నైట్రాక్స్ అంటారు. ఇది బలానికి కాదు సుమా, నత్రజనిని తగ్గించడానికి. లోతుకు పోయినకొద్దీ ఒత్తిడివల్ల నత్రజని ఒంట్లో కరుగుతుంది. గబగబా పైకి వస్తే, సోడాబుడ్డి తెరిచినట్టు బుడగలు కడుతుంది. కీళ్ళు పట్టేస్తాయి, పక్షవాతం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. 18 మీటర్ల లోతున మామూలు గాలితో సుమారు గంట ఉండవచ్చునంటే, దీనితో గంటన్నర. (సిలిండరు అంతసేపు వస్తే గదా!)

కాని దీనితో సుమారు 33 మీటర్లు దాటరాదు. దాటితే ఆ ప్రాణవాయువే విషమై మూర్ఛ తెప్పిస్తుంది. నీటి అడుగున మూర్ఛ వస్తే నోటిలోని గొట్టం జారిపోతుంది, ఇక చెప్పేదేముంది?

ఈ మూర్ఛను కోరి తెచ్చుకున్న మహానుభావుడు జె. బి. ఎస్. హాల్డేన్. 1939లో థీటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది పోయిన తరువాత, ఒత్తిడి గదిలో కూర్చుని తనమీదనే పరీక్షలు చేసుకున్నాడు. ఒక మూర్ఛలో వెన్నెముక దెబ్బతిన్నది. 1957లో మన దేశం వచ్చి, 1964లో భువనేశ్వరంలో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం శరీరాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. యానాం వారికి పొరుగూరే గదా, ఎందరికి తెలుసో!

దుకాణంలో నాకు నచ్చింది రిజిస్టరు. ఎవరి సిలిండరు వారే మీటరుతో కొలుచుకుని, పాళ్ళు, పోదగిన లోతు రాసి సంతకం పెట్టాలి. ఇంకొకరి మాట చెల్లదు. ఒక ముసలి దొర కొలిచి 31.6 అని రాసుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. పడవవాడు కేకలు వేస్తున్నా, సంతకం పెట్టిందాకా కదలలేదు.