పిన్నిగారూ, మీ గిన్నె

పిన్నిగారూ! ఓసారి గోడ దగ్గరికి రండి. పొయ్యి మీద ఏవన్నా ఉంటే కట్టేసి మరీ రండి, ఒక్క నిమిషంలో తేలే మాట కాదు. ఇదిగో, ఈ గిన్నె మీదే. అంచు కింద చూడండి, మీ అత్తగారి పొడి అక్షరాలు, పక్కనే 1983 అని కొట్టించారు. మీ పెళ్లికి కొన్న సామానులోదట కదా, అమ్మ చెప్పింది.

మొన్న మామ్మ సంవత్సరీకం అయ్యాక, నిన్న ఆవిడ మంచం కింది ట్రంకుపెట్టె తీశాం. అడుగున పాత నేతచీరలో కట్టిన మూట ఒకటుంది. విప్పితే పదకొండు స్టీలు గిన్నెలు, రెండు టిఫిను డబ్బాలు, ఒక ఇత్తడి చెంబు. అన్నీ తళతళా తోమి, తుడిచి, ఒకదాంట్లో ఒకటి అమర్చి ఉన్నాయి. ఒక్కదాని మీదా మా ఇంటి అక్షరాలు లేవండీ. అన్నీ వీధివాళ్లవే. బదిలీ మీద వెళ్లిపోయిన మాష్టారివి, ఇల్లమ్ముకుని హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్లినవాళ్లవి. అన్నిటికన్నా పైన మీది.

"పెద్దదైపోయి ఇవ్వడం మర్చిపోయుంటుందిలే" అన్నారు నాన్న. నాకు మనసొప్పలేదు. కూరగాయలమ్మికి రూపాయి బాకీ ఉన్నా పడుకునేలోపు తీర్చేసే మనిషి కదా మామ్మ! రాత్రంతా ఆ గిన్నెలే కళ్లముందు తిరిగాయి. తెల్లవారుజామున తట్టింది.

నా చిన్నప్పుడు మీ ఇంటికి ఎన్నిసార్లు వచ్చేదాన్నో గుర్తుందా? "మామ్మ గుప్పెడు మెంతులిమ్మందండీ." "చిటికెడు ఇంగువ ఉంటే ఇమ్మందండీ." మీరు చేతికందిన గిన్నెలో వేసి ఇచ్చేవారు. మా వంటింట్లో మెంతుల డబ్బా ఎప్పుడూ నిండుగానే ఉండేది. ఓసారి మీ గుమ్మంలోంచే "మనింట్లో ఉన్నాయిగా మామ్మా!" అని అరిచాను. ఆవిడ చూసిన చూపుకి నోరు మూతపడిపోయింది. సాయంత్రానికి అదే గిన్నెలో కందిపప్పో, సున్నుండలో పెట్టి మళ్లీ నన్నే పంపేది. "ఖాళీ గిన్నె పంపకూడదే" అనేది, అంతే. బాబాయిగారు పనిచేసే మిల్లు మూతపడిన ఆ రెండేళ్లే నేను మీ ఇంటికి ఎక్కువ తిరిగానట. పొద్దున అమ్మ చెప్పేదాకా నాకు తెలీదు.

గిన్నె మా ఇంటికి రావాలి, నింపి పంపడానికి వంక దొరకాలి. అందుకేనండీ ఆ అరువులన్నీ. ఈ మూటలోవి నింపేలోపే ఊరొదిలి వెళ్లినవాళ్లవి అయ్యుంటాయి. మీది మాత్రం ఆవిడ మంచాన పడే ముందు తెప్పించుకున్నదే.

ఆవకాయప్పుడూ అంతే కదా. రోహిణికార్తెలో వీధి జాడీలన్నీ మా వసారాలో వరసగా ఉండేవి. కారం, ఆవపిండి సమానం, ఉప్పు కాస్త తక్కువ, పప్పునూనె ముక్క మునిగేదాకా. తూకాలూ కొలతలూ ఆవిడ చేతిలోనే. మూలింటివాళ్లకి ఆ ఏడాది కాయలు కొనే వీలు లేదని ఎలా తెలిసేదో గానీ, "మీ రోట్లో దంచితేనే ఆవాలకి ఘాటొస్తుంది, దంచిపెట్టవే తల్లీ" అని వాళ్లకే పురమాయించేది. దంచినందుకు వాళ్ల జాడీయే మొదట నిండేది.

ఇక 1996 తుఫాను. నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా. ఆ గాలి హోరు తల్చుకుంటే నాకిప్పటికీ వణుకొస్తుంది. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు చాపలా పడున్నాయి. కోనసీమ మొత్తమ్మీద లక్షల చెట్లు పోయాయి. వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు వేటకెళ్లి తిరిగిరాని వాళ్ల కబుర్లు తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. మన వీధిలో నాలుగిళ్ల పెంకులు లేచిపోయాయి, వెనకవాళ్ల మట్టిగోడ కూలిపోయింది. మామ్మ వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, పెళ్లిళ్లకి దింపే గుండిగ దింపించింది. పులగం. ఒకింట్లో ఉప్పడిగింది, ఒకింట్లో బియ్యం, మీ ఇంట్లో పెసరపప్పు. గోడ కూలినావిడ దగ్గర ఏమడుగుతుంది? "నా చేతులు వణుకుతున్నాయే, నువ్వొచ్చి కలియబెట్టు" అంది. ఆవిడ చేతికి తెడ్డిచ్చి పక్కన కూర్చుంది. మామ్మ చేతులు వణకడం నేను చూడలేదు పిన్నిగారూ, పోయే ముందు నెల దాకా. మేం పిల్లలం పడిపోయిన చెట్ల మొవ్వులు తింటూ అదేదో పండగనుకున్నాం.

మామ్మకి ఈ విద్య ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, వాళ్ల నాయనమ్మ లంకల గన్నవరంలో, వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి వడ్డన తిన్న మనిషట. సీతమ్మగారు 1909లోనే పోయారు కదా, అప్పటికి ఈ నాయనమ్మ కొత్త కోడలు. అంతర్వేది దర్శనానికి పల్లకీలో బయల్దేరిన సీతమ్మగారు, ఆకలిమీదున్న పెళ్లివారు "ఇంకాసేపట్లో సీతమ్మగారిల్లొచ్చేస్తుంది" అని పిల్లల్ని ఊరుకోబెట్టడం విని, స్వామిని చూడకుండానే వెనక్కి తిరిగి వాళ్లకంటే ముందే ఇల్లు చేరారని చెబుతారు కదా. ఆ కథ మామ్మ ఎన్ని వందలసార్లు చెప్పిందో! ఇప్పుడు మీ మనవడి బడిలో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు. ఆ మాట విన్న రోజున మామ్మ లేచి కూర్చుని రెండు ముద్దలు ఎక్కువ తింది.

అయ్యో, కళ్లు తుడుచుకోండి. మూత తియ్యండి, పనసపొట్టు కూర. ఆవ సరిగ్గా పడిందో లేదో చెప్పండి, మామ్మ చేతి రుచి రాదు గానీ ఆవిడ దారిలోనే చేశాను. ఏంటీ? మామ్మ గిన్నెలు మీ దగ్గరా ఉన్నాయా? మూడా! ఉండనివ్వండి, ఇవ్వకండి.

ఒక్కటే తేలడం లేదు. ఈ ఇత్తడి చెంబు. మెడ మీద "ల" అని ఒక్క అక్షరమే ఉంది. అమ్మకీ తెలీదు, నాన్నకీ తెలీదు. తోమీ తోమీ మిగతా అక్షరాలు అరిగిపోయినట్టున్నాయి. వెనకవాళ్లదేమో అనుకున్నా గానీ, తుఫానులో వాళ్ల సామానంతా పోయింది కదా. మీరు ఈ వీధికొచ్చి నలభై ఏళ్లు దాటింది, ఎవరిదో గుర్తొస్తే గోడమీంచి ఓ కేకెయ్యండి. నేను ఆదివారం దాకా ఇక్కడే ఉంటాను.