గ్లాసు పగలకుండా

ఆవిరి సుత్తి గురించి ఎవరు చెప్పినా ముందు గుడ్డు కథే చెప్తారు. వైన్ గ్లాసులో కోడిగుడ్డు పెట్టి, దాన్ని టన్నుల బరువున్న ఇనుప దిమ్మె కింద ఉంచుతారు. దిమ్మె దిగుతుంది. గుడ్డు పెంకు చిట్లుతుంది, గ్లాసుకి మాత్రం ఏమీ కాదు. అదే దిమ్మె పూర్తి బలంతో పడితే షెడ్డంతా అదిరిపోతుంది. నాకు ఆ బలం కన్నా, అంత బరువు అక్కడిదాకా వచ్చి ఆగడమే ఆశ్చర్యం.

దీన్ని ఊహించిన జేమ్స్ నాస్మిత్ స్కాట్లండ్ మనిషి. మాంచెస్టర్ దగ్గర పాట్రిక్రాఫ్ట్‌లో ఫౌండ్రీ నడిపేవాడు. 1839లో 'గ్రేట్ బ్రిటన్' అనే ఓడ తెడ్డుచక్రాలకి 30 అంగుళాల లావు ఇరుసు కావాల్సొచ్చింది. దాన్ని సాగగొట్టే సుత్తి ఎక్కడా లేదని ఆ ఓడ ఇంజనీరు ఆయనకి ఉత్తరం రాశాడు. అప్పటి పెద్ద సుత్తులు కీలు మీద లేచి పడేవి. ఇనుము ఎంత లావైతే, సుత్తి పడటానికి అంత తక్కువ ఎత్తు మిగిలేది. పెద్ద దెబ్బ కావలసినచోటే చిన్న దెబ్బ పడేదన్నమాట.

నాస్మిత్ సుత్తిని నిలువుగా వేలాడదీశాడు. పైన సిలిండరు, అందులో పిస్టన్, దాని కడ్డీకి దిమ్మె. ఆవిరి లేపుతుంది, వదిలితే పడుతుంది. పడుతున్నప్పుడు కింద కొంచెం ఆవిరి నిలిపితే దెబ్బ మెత్తబడుతుంది. అరగంట దాటీ దాటకుండానే బొమ్మ గీసేశానని ఆత్మకథలో చెప్పుకున్నాడు. తీరా ఓడకి ప్రొపెల్లర్ పెట్టారు, ఇరుసు అక్కర్లేకపోయింది. తను లేనప్పుడు ఆ బొమ్మ చూసి వెళ్ళిన ఫ్రెంచివాళ్ళు లె క్రూజోలో సుత్తి కట్టేశారనీ, 1842లో అక్కడికి వెళ్తే తన బొమ్మే ఇనుమై కనిపించిందనీ రాశాడు. పేటెంటు తీసుకున్నది ఆ తర్వాతే.

మా తాత సమ్మెట మనిషి. కమ్మరి చిన్న సుత్తితో 'ఇక్కడ' అన్నట్టు తట్టేవాడు, తాత సరిగ్గా అక్కడే సమ్మెట వేసేవాడు. మధ్యలో మాటలుండవు. నేను పుట్టేసరికే ఆయన కుడిచెయ్యి భుజం దాటి లేచేది కాదు. నాయనమ్మే చొక్కా తొడిగేది. అందుకే ఎవరైనా చేతిపని గొప్పదనం గురించి మొదలుపెడితే నాకు ఆ చొక్కానే గుర్తొస్తుంది. ఏదో ఒక యంత్రం వచ్చి ఆ సమ్మెట లాక్కునుంటే బాగుండేది అనిపిస్తుంది.

కాకపోతే, లాక్కున్నాక ఏమైందో కూడా నాస్మిత్ దాచలేదు. కొత్త యంత్రాలు పెట్టి వయోజన పనివాళ్ళని సగానికి సగం తగ్గించాననీ, లాభం బాగా పెరిగిందనీ కార్మిక సంఘాల మీద వేసిన రాయల్ కమిషన్ ముందు చెప్పాడు. మార్క్స్ 'కాపిటల్'లో ఈ సాక్ష్యమూ ఉంది, ఆవిరి సుత్తి వర్ణనా ఉంది. 1856లో, 48 ఏళ్ళకే, నాస్మిత్ ఫౌండ్రీ వదిలేశాడు. టెలిస్కోపులో చందమామని చూసుకుంటూ, 1874లో దాని మీద పుస్తకం కూడా తెచ్చాడు. తీసేసిన సగం మంది ఏం చూసుకుంటూ బతికారో?

లె క్రూజోలో 1870ల్లో కట్టిన 100 టన్నుల సుత్తి ఇప్పటికీ ఉంది. పని మానేశాక దాన్ని ఊరి మొదట్లో నిలబెట్టారు. ఫొటోలో కాళ్ళు రెండూ బార్లా చాపి, గోపురంలా ఉంటుంది. అలాంటిది తాత కొలిమికి వచ్చుంటే ఆయన భుజం మిగిలేది. కూలి మిగిలేదో లేదో యజమాని ఇష్టం.